ఇద్దరూ చూడని గాలివాన

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటి వచ్చిన పండితులు ఉన్నారు. భూగోళం భవిష్యత్తు ఉంది. ప్రకృతి ప్రకోపం, నిండుసభలో పరాభవం, సరిగ్గా సమయానికి ఒక వీరనారి ప్రవేశం కూడా ఉన్నాయి.

అంటే, రాయగలిగితే ఉండేవి. నిజానికి ఇది ఎనభైల చివర ఒక మే నెలలో, నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, ఒక మామిడితోటలో షామియానా కింద జరిగిన మీటింగు. పండితులు ఇద్దరే. వీరనారి బస్సు దిగి గొడుగు వేసుకుని నడిచి వచ్చింది. ఇక భూగోళం ఆ రోజు ఎలా ఉందో నాకు తెలియదు గాని, మా చొక్కాలు మాత్రం పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి.

అప్పట్లో నేను నూజివీడు కాలేజీలో కొత్తగా చేరి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మాది గుడివాడ వైపు, వరి తప్ప ఇంకో పంట తెలియదు. మామిడికాయ గురించి నాకున్న పరిజ్ఞానమంతా జాడీలో పడ్డాక మొదలవుతుంది. భూమి వేడెక్కుతోందనే వార్త అప్పుడప్పుడే పేపర్లో ఏదో మూల కనిపించేది. అది స్టాఫ్ రూమ్‌లో చదివి వినిపిస్తే మా హిస్టరీ మాస్టారు, "మనకి కొత్తగా వేడెక్కేదేముందండీ?" అని కుర్చీని ఫ్యాను కిందకి జరుపుకున్నారు. విషయం అక్కడితో ముగిసింది.

ముగియనిది ఒక్క పొలిటికల్ సైన్స్ మాస్టారికే. ఆయన నూజివీడులో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ చదువు. కొన్ని దేశాల ప్రొఫెసర్లు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారని ఆయన ఏదో జర్నల్లో చదివారు. వాళ్ళ ప్రశ్న థర్మామీటర్ గురించి కాదు. వాతావరణం ఎక్కడికక్కడ గతి తప్పితే దేశాలు ఎలా కూర్చుని మాట్లాడుకోవాలి, నియమాలు ఎవరు పెట్టాలి, నష్టం ఎవరు మొయ్యాలి అన్నది వాళ్ళ ప్రశ్న. చిన్న ఊళ్ళలో ఇలాంటి తగువులు ఎలా తీరుతున్నాయో రాసి పంపమని అన్ని దేశాల వాళ్ళనీ అడిగారు. మా మాస్టారు పంపారు. గాలీ వానా దెబ్బతీసిన ఏడాది మా తోటల రైతులు కోర్టు గుమ్మం ఎక్కకుండా తమలో తాము ఎలా సర్దుకుంటారో చక్కటి ఇంగ్లీషులో రాశారు. బృందానికి అది నచ్చింది. ఇద్దరు ప్రొఫెసర్లు స్వయంగా వచ్చి చూస్తామన్నారు. చూశాక రెండింట్లో ఒకటి జరుగుతుంది. నచ్చితే నూజివీడు వాళ్ళ ఉమ్మడి పుస్తకంలో ఒక అధ్యాయమవుతుంది, మాస్టారు రచయితల్లో ఒకరవుతారు. లేకపోతే చివరి పేజీలో, సమాచారం అందించిన స్థానికులకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో మాస్టారూ ఉంటారు, వాళ్ళకి టీ పోసినవాళ్ళూ ఉంటారు.

"ఇన్నేళ్ళూ ఎవరో రాసింది పిల్లలకి చెప్పానయ్యా," అన్నారు ఒకరోజు నాతో. "నేనేమనుకుంటున్నానో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఇంట్లో కూడా."

నా దగ్గర ఒక జోకు సిద్ధంగా ఉంది. కానీ ఆయన మొహం చూసి దాన్ని మింగేశాను. అది నాకు అలవాటు లేని పని.

రైతులకీ ప్రొఫెసర్లకీ మధ్య మాట అటూ ఇటూ మార్చే పని నాకు అప్పగించారు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసే మాస్టారి భార్య ఈ మీటింగు కోసం రోజూ ప్రార్థన చేస్తున్నారని తెలిసి సంతోషించాను. ఆ ప్రార్థనలో నా ఇంగ్లీషు కోసం విడిగా ఒక భాగం ఉందని తర్వాత తెలిసింది.

శనివారం మీటింగనగా గురువారం సాయంత్రం గాలివాన వచ్చింది. శుక్రవారం పొద్దున్నే మాస్టారూ నేనూ తోటకి వెళ్ళాం. చెట్ల కింద ఎక్కడ చూసినా కాయలే. చిన్న రసాలు, ఇంకో వారం ఆగితే పండేవి, నేలంతా పరుచుకుని ఉన్నాయి. కాలు పెట్టే చోటు లేదు.

మాస్టారు తల పట్టుకున్నారు. "ఇందులో కుర్చీలెక్కడ వేస్తామయ్యా? ఆ వచ్చే ప్రొఫెసరమ్మ కాయ మీద కాలేసి జారిపడిందనుకో, అంతర్జాతీయ సమస్య అవుద్ది."

తోట యజమానిని పిలిచి, కాయలన్నీ ఎత్తించి శుభ్రం చేయించమన్నారు. యజమాని పెద్దమనిషి, తెల్ల పంచె, నెమ్మదైన మాట. ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"ఎత్తించమంటారా మాస్టారూ?"

"లేకపోతే వాళ్ళు నడవలేరండీ."

"సరే. మావాడికి చదువు చెప్పినవారు, మీ మాటకి అడ్డం చెప్తానా?" అని కూలీలని కేకేశాడు. సాయంత్రానికి కాయలన్నీ వరసకో కుప్పగా చేరాయి. నేలంతా ఊడ్చి నీళ్ళు చల్లారు. పెళ్ళిపందిరి వేసే చోటులా తయారైంది. మాస్టారు చూసి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. నాకు తెలియక మురిశాను. ఆయన తెలిసీ, ఆ కంగారులో మరిచిపోయి మురిశారు.

శనివారం పొద్దున అంబాసిడర్ కారు వచ్చింది. అందులోంచి ఒక డచ్చి ప్రొఫెసరమ్మ దిగింది. బాగా పొడుగు. షామియానా కిందకి వచ్చేటప్పుడు తల వంచి, కూర్చునేదాకా ఎత్తలేదు. ఆమె వెనక కెన్యా నుంచి వచ్చిన న్యాయశాస్త్రం ప్రొఫెసరు, గుండ్రటి మొహం, దిగుతూనే నవ్వు. ఇద్దరికీ మల్లెదండలు వేశాం. ముందు వరసలో ఇస్త్రీ చొక్కాలతో తోటల యజమానులు కూర్చున్నారు. మాస్టారు ఏరి ఏరి పిలిచినవాళ్ళు, ఒక్కొక్కరికీ ఎకరాలకెకరాలు.

ప్రొఫెసరమ్మ మొదటి ప్రశ్న సూటిగా వేసింది. వాతావరణం తలకిందులైన ఏడాది మీకు జరిగే నష్టం ఏమిటి?

నేను తెలుగులో అడిగాను. మొదటి కుర్చీలో ఉన్నాయన నన్ను దగ్గరకి రమ్మని సైగ చేసి చెవిలో అడిగాడు.

"ఏమండీ, వీళ్ళు నష్టపరిహారం ఇచ్చేవాళ్ళా?"

"కాదండీ. చదువుకునేవాళ్ళు."

"ఈ వయసులోనా?"

"అవునండీ."

"పాపం. అయితే మాకేం పోలేదని చెప్పండి."

ఏమీ పోలేదంటున్నారని ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసరమ్మ చేతిలో మాస్టారి వ్యాసం ఉంది. అందులో రైతుల నష్టం గురించి పేజీలకి పేజీలున్నాయి. ఆమె వ్యాసం వంక చూసి, ముందు వరస వంక చూసి, బహుశా ప్రశ్న అర్థం కాలేదేమో, మళ్ళీ అడగమంది. మళ్ళీ అడిగాను.

"అర్థమైందండీ బాబూ," అన్నాడు రెండో కుర్చీలో ఆయన, కొంచెం విసుగ్గా. "మేం పూత మీదే కాపు అమ్మేశాం కదండీ. తర్వాత గాలొచ్చినా వడగళ్ళొచ్చినా కొన్నోళ్ళ తలనొప్పి. చివరి కాయ దిగేదాకా తోట మాదే గాని కాయ మాది కాదు. మా తోటలో కాయ మేం కోసుకోవాలన్నా వాళ్ళనడగాల్సిందే."

ఇదీ అక్కడి పద్ధతి. పూత చూసి బేరం, ఆపైన ఆకాశం ఏం చేసినా అది కాపు కొన్నవాళ్ళ నెత్తినే. కెన్యా ప్రొఫెసరుకి ఇది చెప్పగానే హుషారు వచ్చింది. వాళ్ళ సముద్రతీరంలో కూడా నేల ఒకరిది, దాని మీది కొబ్బరిచెట్టు ఇంకొకరిది కావడం మామూలేనట. తర్వాత ఆయన చుట్టూ చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"మరి ఆ కొన్నవాళ్ళు ఎవరూ రాలేదా?"

రాలేదు. పిలిస్తే కదా. మీటింగంటే పెద్దమనుషుల్ని పిలుస్తాం, ముందు వరసలో కూర్చోబెడతాం. కాపు కొనేవాళ్ళు ఈ తోటకీ ఆ తోటకీ తిరుగుతూ ఉండే మనుషులు, వాళ్ళకి కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచదు. ప్రొఫెసరమ్మ మాస్టారి వైపు తిరిగింది. గొంతు మెత్తగానే ఉంది.

"మీ వ్యాసంలో వాళ్ళు ఎక్కడా లేరే?"

"అది అందరికీ తెలిసిందే కదా అని రాయలేదండీ," అన్నారు మాస్టారు. అందరికీ అంటే నూజివీడులో అందరికీ అని ఆయనకి ఆ క్షణంలోనే తట్టినట్టుంది. చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని, మళ్ళీ తీశారు. ప్రొఫెసరమ్మ వ్యాసాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కృతజ్ఞతల వాక్యం నాకు అక్కడి నుంచే కనిపించింది.

ఆ సమయంలో వచ్చింది ఆవిడ. యాభై ఏళ్ళ మనిషి, చేతిలో గొడుగు, మెడలో చిన్న సిలువ. ఆ తోట కాపు కొన్నది ఆవిడే. ఉండేది విస్సన్నపేటలో. గాలివానకి రోడ్డు మీద చెట్లు పడి శుక్రవారం బస్సులు నడవలేదు. కాపలా మనిషి సైకిలు మీద వెళ్ళి కబురు చెప్పాడు. మొదటి బస్సుకే బయల్దేరి వచ్చింది. ఆవిడ షామియానా వంక చూడలేదు, ఫారిన్ వాళ్ళ వంక చూడలేదు. నేల వంక చూసింది.

"ఏంటండీ ఇది? కాయలేవి?"

తోట యజమాని లేచాడు. "రామ్మా, కూర్చో. ఫారిన్ నుంచొచ్చారు."

"రానివ్వండి. కాయలేవండీ?"

"అదుగో, కుప్పలు పోయించాం. ఒక్కటీ పోలేదు, చూసుకో."

"కుప్ప నాకెందుకండీ? కుప్పలో గాలి కనపడుద్దా? పడ్డది పడ్డట్టు ఇద్దరం చూడకుండా ఎవరన్నా ఎత్తుతారా? మీ నాన్నగారున్నప్పుడు ఇట్టా ఎప్పుడన్నా జరిగిందా?"

మాస్టారి వైపు చూడకుండా ఉండటానికి యజమాని పడిన కష్టం అందరికీ కనిపించింది. మాస్టారు తనంతట తనే లేచి నిలబడ్డారు.

"ఆయన్నేమనకమ్మా. ఎత్తించింది నేను."

"మీరా మాస్టారూ?" ఆవిడ కోపం ఒక్కసారిగా దిగిపోయి ఆశ్చర్యం మిగిలింది. "అదేంటండీ, మీరు ఈ ఊరివారేగా!"

తిట్టినా అంత తగిలేది కాదు.

ప్రొఫెసరమ్మ ఏం జరుగుతోందని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోగా మాస్టారు చెయ్యెత్తి ఆపారు. ఇంగ్లీషులో తనే మొదలుపెట్టారు. రెండు వాక్యాలయ్యేసరికి క్లాసులో గొంతు వచ్చింది. కాపు కొన్నవాళ్ళు గాలినీ వాననీ తామే భరించాలి. కానీ గాలి మామూలు కంటే మించిందంటే యజమాని కూడా బేరం సొమ్ములో కొంత తగ్గించాలి. మించిందో లేదో తేలాలంటే, రాలిన కాయ రాలిన చోటే ఉండగా ఇద్దరూ కలిసి తోట చుట్టూ నడిచి చూడాలి. అప్పటిదాకా ఎవరూ ఒక్క కాయ ఎత్తకూడదు. ఏ చెట్టు కింద ఎంత, గాలివాటున పడిందా తొడిమ కుళ్ళి పడిందా, అంతా నేల చెబుతుంది. కుప్ప పోశాక ఎన్ని కాయలో తెలుస్తుంది గాని ఏం జరిగిందో తెలియదు.

"చూశాక వీళ్ళు పోట్లాడుకోరని కాదు," అన్నారు మాస్టారు. "బాగా పోట్లాడుకుంటారు. ఎవరెంత మొయ్యాలన్న దాని మీద. ఏం పడిందన్న దాని మీద మాత్రం కాదు. నేను పంపిన వ్యాసంలో ఉండాల్సింది ఈ మాట. అది రాయలేదు. రాయకపోగా, నిన్న మీకు తోట అందంగా కనిపించాలని ఆ పద్ధతిని నేనే ఊడ్పించేశాను."

తర్వాత కెన్యా ప్రొఫెసరు నిదానంగా అన్నాడు, తమ బృందంలో కూడా సరిగ్గా ఇదే ఇబ్బంది అని. ఒక్కో దేశమూ తన కుప్ప తను పోసుకుని తెచ్చి బల్ల మీద పెడుతుంది, కలిసి నడిచి చూసిన నేల అంటూ ఎవరికీ లేదు, అందుకే... అంటూ ఆగిపోయాడు. సరిగ్గా అక్కడ ఒక చీమ మల్లెదండలోంచి ఆయన కాలరులోకి దూరింది. ప్రపంచ దేశాల సంగతి మళ్ళీ మొదలయ్యేసరికి ఆయన దండ తీసి కుర్చీకి తగిలించి, మెడ గోక్కుంటున్నాడు.

కాపు కొన్నావిడకి ఇదంతా పట్టలేదు. ఆవిడ కుప్పల దగ్గర నిలబడి ఉంది.

"మళ్ళీ పరిపించండి," అంది.

"ఇప్పుడు పరిస్తే ఏం తెలుస్తుందమ్మా?" అన్నాడు యజమాని.

"తెలిసినంతే తెలుస్తుందండీ. చూడకుండా మాత్రం మీతో నేనేం మాట్లాడను? చూడందే తగ్గించారని మీ అన్నదమ్ములు మిమ్మల్నంటారు, చూడందే ఒప్పుకున్నానని మావాళ్ళు నన్నంటారు."

ఆ మాటకి యజమాని కండువా నడుముకి బిగించాడు. మాస్టారు ప్యాంటు మడుచుకుని మొదటి బుట్ట ఎత్తారు. కుప్పలు వరసవారీగానే పోశారు కాబట్టి ఏ కుప్ప ఏ వరసదో తెలుసు. తర్వాతిది నేను కళ్ళారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. భూగోళం కోసం ఇంత దూరం వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లు, రాలిన మామిడికాయల్ని బుట్టల్లో మోసుకెళ్ళి మళ్ళీ నేల మీద రాల్చడం మొదలుపెట్టారు.

డచ్చి ప్రొఫెసరమ్మ వంగి, మొదలుకి ఎంత దూరంలో పెట్టాలని అడిగింది. కాపు కొన్నావిడ జవాబు చెప్పకుండా ఆమె మోచెయ్యి పట్టుకుని కొమ్మ చివర కిందకి నడిపించింది. కెన్యా ప్రొఫెసరు ఇంకా పద్ధతిగా, కాయకీ కాయకీ సమానమైన ఎడంతో వరసగా పేర్చుకుంటూ పోయాడు. ఆవిడ చూసి నెత్తి కొట్టుకుంది.

"గాలి లైన్లో నిలబెట్టి రాలుస్తుందాండీ? ఆయనకి చెప్పండి!"

చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, లేచి నిలబడి, బుట్ట ఊపి కాయలు విసిరాడు. ఆవిడ తల ఊపింది. "ఆఁ, అదీ."

ఇస్త్రీ చొక్కాలవాళ్ళు కొంతసేపు కుర్చీల్లోంచి చూశారు. ఒకాయన, "ఆ మూలచెట్టు కింద ఎప్పుడూ ఎక్కువ పడతయ్యండీ," అని అక్కడి నుంచే కేకేశాడు. ఇంకొకాయన కాదన్నాడు. తేల్చుకోవడానికి ఇద్దరూ లేచారు. ఇక అందరూ లేచారు. కాసేపటికి ఒక్క చొక్కా కూడా సొన మరక లేకుండా మిగల్లేదు. పక్కన నిలబడి చూస్తున్న కూలీల్లో ఒకామె నాతో అంది, "నిన్న ఎత్తమన్నారు, ఇయ్యాల పరవమన్నారు, ఇంకాసేపాగితే మళ్ళీ ఎత్తమంటారు. ఫారిన్లో కూడా ఇంతేనా అండీ?" ఆ పొడుగావిడ దేశంలో మామిడి పండదని చెప్పాను. "ఆఁ, అందుకే బాగుపడ్డారు," అంది.

అంతా పరిచాక తోట యజమానీ ఆవిడా కలిసి నడిచారు. వరస వెంట వరస, మాట లేదు. మేమందరం చెట్ల నీడన నిలబడి వాళ్ళ వీపులు చూశాం. దాన్ని నిజమైన గాలివాన నేల అని ఎవరూ అనలేరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, నడుస్తున్న ఇద్దరికీ అందరికంటే ఎక్కువ తెలుసు. అయినా ఆవిడ ఒక చెట్టు దగ్గర ఆగి విరిగిన కొమ్మ చూపించింది. ఆయన తల పైకెత్తి చూశాడు. ఇంకోచోట ఆయన ఆగి కింద ఏదో చూపించాడు. ఆవిడ వంగి చూసింది. తిరిగి వచ్చాక ఆవిడ గొడుగు ముడిచింది.

"చూశానండీ."

"నేనూ చూశాను," అన్నాడాయన. "గాలి మించింది, కాదనను."

ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని హాయిగా పోట్లాట మొదలుపెట్టారు. మేం భోంచేసి వచ్చేసరికి కూడా సాగుతూనే ఉంది. కాయలు మాత్రం మళ్ళీ ఎత్తేశారు.

సాయంత్రం ప్రొఫెసర్ల కారులోనే హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళాం, సాగనంపడానికి. లారీలు ఆగే చోట టీ తాగాం. మాస్టారు గ్లాసు పట్టుకున్నారు గాని తాగడం లేదు. ప్రొఫెసరమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఆ వ్యాసాన్ని ఉన్నదున్నట్టుగా మేం తీసుకోలేం."

"తెలుసండీ," అన్నారు మాస్టారు. ఆ మాట కోసం పొద్దుటి నుంచీ సిద్ధంగా ఉన్నట్టు వెంటనే అన్నారు.

"మళ్ళీ రాయండి. ఆవిడతో మొదలుపెట్టి రాయండి. మీరు ఊడ్పించింది కూడా రాయాలి."

"నా తప్పు కూడానా?"

"అది లేకపోతే ఆవిడ అంత కోపంగా లోపలికి ఎలా వస్తుంది?" అన్నాడు కెన్యా ప్రొఫెసరు. "పుస్తకంలో నా అధ్యాయం పక్కన ఉంటుంది మీది. నేను నా కొబ్బరిచెట్ల గురించి రాస్తాను. ముందు మీది నేను చదువుతాను, నాది మీరు చదవండి. తప్పులుంటే మొహమాటపడకండి."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన బదులు నేను థాంక్యూ చెప్పాను. ప్రార్థన ఫలించి ఇంగ్లీషు సరిగ్గానే వచ్చింది. కారు కదిలాక కూడా ఆయన చాలాసేపు రోడ్డు వంకే చూస్తూ నిలబడ్డారు. వెనక లారీవాడు హారన్ కొడితే చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"నాది ఆయన చదువుతాడంట, ఆయనది నేను చదవాలంట," అన్నారు నూజివీడు బస్సులో. మైలవరం వైపు ఎండ దిగిపోయింది. "తప్పులుంటే చెప్పాలంట నేను! ఏమయ్యా, చెప్పగలనంటావా?"

"పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఉన్నారు కదండీ," అన్నాను. ఆయన నవ్వారు. తర్వాత కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు. దుమ్ము పడిందన్నారు. నేను ఒప్పుకున్నాను.

కొత్త వ్యాసం నెలాఖరులోగా, టైపు చేసి, మూడు కాపీలు పంపాలి. మర్నాడు చర్చి నుంచి రాగానే మొదలుపెడదామన్నారు. ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్ ఒక్కటే ఉండేది. నెలాఖరున జరిగే టైపు లోయర్, హయ్యర్ పరీక్షలు అయ్యేదాకా వాళ్ళు బయటి పని పట్టరు.